సిటీ బస్సులో ఆరిన కాయ

"కాయ చెవి దగ్గర పెట్టి ఊపి చూడవే. గలగలమంటేనే మూట కుట్టించు" అన్నాడు మా ఆయన.

"మూటలు మోసేవాడివి, నాకు చెప్పొచ్చావా? పోయి నీ పని చూసుకో" అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ మధ్యాహ్నమే మూటల వరస మీద గుండె ఆగి పోయాడు.

అది జరిగిన మూడో నెలలో, శివరాత్రి వెళ్ళిన వారం, నన్ను పనిమీద హైదరాబాదు పంపారు. అప్పటికి నేను గుంటూరు అవతల ఒక కోల్డ్ స్టోరేజీలో తొడిమల ముఠాకు మేస్త్రిని. ఎండుమిరపకాయకు తొడిమ తీయడం, తెల్లబడిన తాలుకాయ ఏరడం, మిగిలినదాన్ని రంగు చూసి వేరుచేయడం మా పని. నా కింద ఇరవైమంది ఆడవాళ్ళు, నా పైన గుమస్తా గారు. మా ఆయన అక్కడే హమాలీ. ఇప్పుడు పని మానేశాను. చదువు లేదు కాబట్టి నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు సునీత రాస్తోంది.

హైదరాబాదు వాళ్ళు కొనబోయే లాటు ఒకటుంది. పార్సిల్లో పంపిన శాంపిలు నలిగి పొడిపొడిగా చేరిందట. సరుకంతా ఇట్లాగే ఉంటే మాకొద్దన్నారు. ఆ లాటు పోతే మా ముఠాకు ఆ సీజను పని లేనట్టే. గుమస్తా గారు నన్ను పిలిచి, ఏరినదానివి నువ్వే కాబట్టి నువ్వే చేత్తో పట్టుకెళ్ళు, ఐదు గంటలకు కొనే ఆయన ఆఫీసులోంచి వెళ్ళిపోతాడు, ఈలోపు ఇవ్వాలి అన్నారు. బోర్డులు చదవలేనన్నాను.

"రంగులు తెలుసు గదా. ఎల్బీ నగర్లో ఎర్ర లైను రైలెక్కు. అమీర్‌పేటలో దిగి నీలం లైనెక్కు. ఆఖరి స్టేషను పక్కనే ఆఫీసు. అంతే" అన్నారు.

తొడిమ తీసే ముందు కాయ విరగకుండా నీళ్ళు చిలకరించడం మా షెడ్డులో అలవాటు. మెత్తబడ్డ కాయ నలగదు. తొడిమ తీశాక మళ్ళీ ఆరబెట్టి మూట కడతాం. పొద్దున గుంటూరు బస్టాండులో జనాన్ని చూడగానే శాంపిలు మళ్ళీ నలిగిపోతుందని భయం వేసింది. సీసాలో నీళ్ళు గుడ్డసంచీలో చిలకరించి మూతి బిగించాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి తనంతట అదే చేసింది.

ఎల్బీ నగర్లో మెట్లు కూడా తమంతట తామే పైకి నడుస్తున్నాయి. రైలు ఇళ్ళ మీదుగా పోతుంటే డాబాల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు కాళ్ళ కింద కనబడ్డాయి. పెట్టె నిండా మనుషులు, అయినా ఒక్క అరుపు లేదు. అమీర్‌పేటలో దిగేసరికి ఇంకా ఆశ్చర్యం. అంతమంది ఒక్కసారిగా దిగి, ఎవరూ చెప్పకుండానే ఇటు కొందరు, అటు కొందరు విడిపోయారు. ఏరడమంటే చేతులతో చేసేదనే అనుకున్నాను అన్నేళ్ళూ. ఇక్కడ మనుషులు తమను తామే ఏరుకుంటున్నారు. గోడకు ఆనుకుని అలా చూస్తూ నిలబడిపోయాను.

అలవాటుగా సంచీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. లోపల చెయ్యి పెడితే కాయ తోలులా వంగింది. ఆ చల్లటి రైల్లో అది ఆరేది కాదు. తడికాయ ఇస్తే లాటంతా తడే అంటారు. నీలం లైను ఎక్కితే కాసేపట్లో చేరతాను. కానీ నాకు కావలసింది ఎండ. అప్పటికి రెండున్నర. కిందకు దిగి, అటువైపే పోయే సిటీ బస్సు ఏదని అడిగి ఎక్కాను.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఎండ పడే వైపు సీటు ఒక్కటి ఇప్పించమని కండక్టరమ్మను అడిగాను. కాయ ఘాటుకు నా గొంతు ఏనాడో బొంగురుపోయింది, ఏమడిగినా తిట్టినట్టే ఉంటుంది. కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన లేచాడు.

"అందరూ నీడ సీటడుగుతరు, నువ్వు ఎండ సీటడుగుతవేంది పెద్దమ్మా? రా, కూసో. నేనైతే మాడిపోయిన."

ఒళ్ళో తువ్వాలు పరిచి కాయలు పోశాను. ముందు సీటావిడ తుమ్మింది. తర్వాత సగం బస్సు తుమ్మింది. కండక్టరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏంది పెద్దమ్మా, గిది బస్సా, మిర్చి కల్లమా?"

"శాంపిలమ్మా. ఇది ఆరకపోతే ఇరవైమందికి పని పోద్ది."

ఆమె నా ఒళ్ళోకి చూసి, "అయితే మంచిగ ఆరబెట్టు. ఈ జామ్‌ల ఇంకో గంట గీడనే ఉంటం" అని ముందుకు పోయింది. వెనకనుంచి ఎవరో, పప్పు కూడా తెచ్చి ఉంటే ఇక్కడే తాళింపు వేసుకునేవాళ్ళం గదా అన్నారు.

ముందు చూసినా వెనక చూసినా బండ్లే. అన్ని బండ్లు ఒకదానికొకటి తగలకుండా జానెడు జానెడు జరగడం నాకు వింతే. అందరూ ఆ ట్రాఫిక్‌ను తిడుతున్నారు. నేను మాత్రం కాయలు తిరగేస్తూ, బస్సు కదిలితే టైముకు చేరతానని, కదలకపోతే కాయ ఆరుతుందని, రెండూ కోరుకుంటూ కూర్చున్నాను. దిగేముందు ఒక కాయ చెవి దగ్గర పెట్టి ఊపాను. గింజ పలికింది.

ఐదుకు పది నిమిషాల ముందు ఆఫీసు మెట్లెక్కాను. ఆయన కాయను పట్టి చూశాడు, విరిచి చూశాడు, తేమ చూసే మిషన్లో పెట్టాడు. బాగుందన్నాడు. పొద్దున నీళ్ళు చల్లిన సంగతి, బస్సులో ఆరబెట్టిన సంగతి అప్పుడు చెప్పాను. ఆయన తల ఎత్తి, మూటలకు కూడా చల్లారా అని అడిగాడు.

"లేదండి. మా ఆయన పోయిన రోజు నుంచి, ప్రతి మూటలో కాయ ఊపి చూసి, నేనే దగ్గరుండి కుట్టించాను."

ఆయన లాటు పంపమని గుమస్తా గారికి ఫోను చేశాడు.

నేను నేర్చుకున్నది ఇదీ: శాంపిలును దారిలో ఏమీ చేయకూడదు, ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్ళాలి. విరిగిన కాయకు జవాబు చెప్పుకోవచ్చు. తడిసిన కాయ మూటలన్నిటి మీదా అనుమానం తెస్తుంది.

సునీతా, మొదట మీ మామయ్య అన్న మాట, నేనన్న మాట సరిగ్గా పడ్డాయో లేదో, ఏదీ, అక్కణ్ణుంచి ఒకసారి చదువమ్మా.