మేనమామ ముఖం మీద చారలు

డిగ్రీ పూర్తయి, మా ఆర్మూర్‌లోనే పెళ్లిళ్లకు వీడియోలు తీస్తున్న కొత్తలో జరిగిందిది. మిట్టమధ్యాహ్నం, పెళ్లికూతురికి పసుపు పెడుతున్నారు. వెలుతురు ఎక్కువైన చోట నా మానిటర్ మీద చారలు కదులుతాయి. అవి నాకు హెచ్చరిక మాత్రమే, వీడియోలో రావు. తీసింది మళ్లీ వేసి చూసుకుంటుంటే, పెళ్లికూతురి మేనమామ నా భుజం మీంచి తొంగిచూసి, పసుపుతో మెరుస్తున్న తన ముఖం మీద చారలు చూశాడు.

"నన్ను పీర్లపండుగ పులి ఏషగాన్ని చేసినవ్ గదరా! కెమెరా పట్టుడు రాదు గని, వీడియోలు తీస్తడంట!"

చుట్టాలంతా నవ్వారు.

"గవి వీడియోల రావు కాకా, ఎండ ఎక్కువైందని..."

"నోర్ముయ్! తీసెయ్ గవి!"

తీసేశాను. ఆయన కనిపించినప్పుడల్లా కెమెరాలో వెలుతురు ఇంకాస్త పెంచాను కూడా. రిసెప్షన్‌లో పెద్ద తెర మీద అందరి ముఖాలూ ముఖాల్లాగే ఉన్నాయి. ఆయనది మాత్రం మీసాలు అతికించిన స్టీలు పళ్లెంలా ఉంది. చుట్టాల నవ్వు కోసం ఓపిగ్గా ఎదురుచూశాను.

ఆయనే వచ్చి నా భుజం తట్టాడు. "మస్తు తీసినవ్‌రా! గింత తెల్లగ నేనెన్నడు కనవడలే. మా బిడ్డ పెండ్లికి గూడ నువ్వే రావాలె."

వెళ్లాను. ఈసారి చారలు పెట్టుకుని, ఒక్కటి కూడా ఆయన ముఖం మీద పడకుండా, ఒంటి రంగు ఉన్నది ఉన్నట్టు తీశాను.

ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. పని సక్రమంగా చేయడాన్ని మించిన పగ లేదని నాకప్పుడే తెలిసింది.