చాటంత చోటు

మా తమ్ముడు నాయన సమాధి చుట్టూ మామిడి మొక్కలకు గుంతలు తీయించాడు. నాతో ఒక మాటైనా అనకుండా తీయించాడు. కర్మకాండ ముగిసి నేను తిరుపతికి తిరిగి వచ్చేశాక, తొలకరి పడ్డ రోజుల్లో పని ముగించుకుని, "అక్కా, ఒకసారి వచ్చి సూసిపో" అని ఫోన్ చేశాడు. నాయన పోయాక వాడి గొంతులో కాస్త ప్రాణం వినిపించడం అదే మొదలు. అందుకే ఎందుకు, ఏమిటి అని అడగకుండా బయలుదేరాను. చిత్తూరులో బస్సు దిగి, కాణిపాకం వెళ్లే ఆటోలో యాత్రికుల మధ్య ఇరుక్కుని కూర్చుని, మా ఊరి మలుపు దగ్గర దిగాను.

మా చేను ఎర్రనేల. కాలు పెడితే గులకరాళ్లు గుచ్చుకుంటాయి. చుట్టూ ఉన్న చేలన్నీ ఒక్కొక్కటిగా మామిడి తోపులైపోయినా నాయన మాత్రం మొండిగా వేరుశనగే వేసేవాడు. వాన ముఖం చూపించని ఏడాది ఉలవలు చల్లేవాడు. ఎండాకాలం చివర్లో ఆయన పోతే ఆ చేనులోనే పూడ్చి, పైన సిమెంటు గద్దె కట్టించాం. ఇప్పుడు దాని నాలుగు వైపులా గుంతలు. గుంతల పక్కన కొయ్యలు పాతి, వాటికి మట్టి మూకుళ్లు వేలాడదీసి నీళ్లు పోశాడు తమ్ముడు. ఒక కొయ్యకు వరికంకుల కుచ్చు కూడా కట్టాడు.

"నాయనకు పిట్టలంటే పానం గదక్కా. సెట్లు పెద్దవైతే యాడాడి పిట్టలన్నీ ఈడికే వస్తాయి. నాయన నెత్తిన ఇంత నీడా ఉంటాది, పాటా ఉంటాది" అన్నాడు.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఉద్యోగం వదిలింది కానీ చెప్పే జబ్బు వదల్లేదు. అయినా ఆ పూట వెంటనే నోరు విప్పలేకపోయాను. నాయనకు ప్రాణమైన పిట్ట చెట్టు ఎక్కేది కాదు. ఆ మాట తమ్ముడికి ఎలా చెప్పాలా అని గుంతల చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను.

ఆ పిట్టను మా వైపు నేలపిచ్చుక అంటారు. పిడికిలి మూసినంత ఉంటుంది. మగదానికి నెత్తి బూడిదరంగు, పొట్టంతా మసి. ఆడదానికి ఆ నలుపు కూడా లేదు, ఒళ్లంతా మట్టిరంగే. చేను దున్నిన రోజు గడ్డల మధ్య కూర్చుంటే, తొక్కబోయేదాకా అక్కడ పిట్ట ఉందని తెలియదు. మగపిట్ట ఉన్నట్టుండి నిటారుగా పైకి లేచి, రెక్కలు ముడిచి రాయిలా కిందికి జారుతూ సన్నగా ఈల వేస్తుంది. నేలకు తగులుతుందనగా మళ్లీ లేస్తుంది. దాని కచేరీ అంతా అదే.

విత్తనం వేసే కాలంలో నాయన గొర్రు పట్టుకుని వెళుతూ వెళుతూ ఒకచోట దాన్ని పైకెత్తేవాడు. ఒక అడుగు దాటించి మళ్లీ దించేవాడు. మొలకలు వచ్చాక చూస్తే పచ్చటి సాలులో చాటంత చోటు బోసిగా కనిపించేది. అక్కడ నేలపిచ్చుక గూడు ఉండేది. గూడు అంటే గడ్డి పరిచిన చిన్న గుంట, దాని అంచుకు పేర్చిన గులకరాళ్లు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. అప్పుడు గూడు ఉన్నచోట పుల్ల గుచ్చి గుడ్డపీలిక కట్టేవాడు. డ్రైవరు విసుక్కునేవాడు. ఊళ్లోవాళ్లు "పెద్దాయన సేనుకు కూడా బొట్లు పెడతాడప్పా" అని నవ్వేవాళ్లు. ఎందుకు నాయనా అని నేనడిగితే, "దానికీ ఇదే సేను గదమ్మా" అన్నాడు. అంతకు మించి ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

నేను చదువుకున్నది మాత్రం చాలా ఉంది. నేలపిచ్చుక పేరుకే పిచ్చుక. శాస్త్రం దాన్ని పిచ్చుకల్లో కలపదు, భరతపక్షుల కుటుంబంలో చేరుస్తుంది. చాలాకాలం ఈ కుటుంబాన్ని, తోక ఊపుకుంటూ మడుల్లో తిరిగే పిట్టల పక్కన పెట్టేవాళ్లు. రెండూ నేలమీద నడిచేవే, రెండింటి రంగూ మట్టిదే అని. తీరా రక్తసంబంధం పరీక్షిస్తే ఇవి వేరే వంశం అని తేలింది. ఒకే చేనులో బతికినంత మాత్రాన చుట్టాలు కారు కదా. అసలు గుర్తు కాలి వెనక ఉంటుంది. మిగతా పాటపిట్టల కాలు వెనకవైపు నున్నగా, కత్తి అంచులా ఉంటే, వీటికి గుండ్రంగా, పొలుసులు పొలుసులుగా ఉంటుంది. చాలావాటికి వెనకవేలి గోరు పొడుగ్గా, వంపు లేకుండా సాగి ఉంటుంది. కొమ్మను పట్టుకోవడానికి వంకర గోరు కావాలి. నేలమీద నిలబడటానికి ఇది చాలు. ఇతర పాటపిట్టల గొంతులో ఉండే ఒక చిన్న ఎముక కూడా వీటికి ఉండదు. అది లేకుండానే ఇంత పాట. కొమ్మ ఎక్కి పాడే అలవాటు లేదు కాబట్టి గాలిలోకి లేచి పాడతాయి. ఈ కుటుంబంలోనే ఈలజిట్టలాంటివి అప్పుడప్పుడు కంపమీద, కరెంటు తీగమీద వాలతాయి. వాటి గూడు కూడా నేలమీదే. నీళ్లలో మునగవు, దుమ్ములో పొర్లుతాయి.

కాకి కూడా ఈ పాటపిట్టల గణంలోదే అని చెప్తే క్లాసులో పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కాకి పాడటం ఎవరు విన్నారు?

ఆ సాయంత్రం గుంతల గట్టుమీద కూర్చుని ఇదంతా తమ్ముడికి చెప్పాను. చెట్లు పెరిగి నీడ పరుచుకుంటే నేలపిచ్చుక ఈ చేను వదిలి వెళ్లిపోతుందని, చుట్టూ తోపులు కాబట్టి దానికి వెళ్లే చోటు కూడా లేదని చెప్పాను. నువ్వు నాయన కోసమని చేస్తున్నది ఆయన పిట్టను తరిమేస్తుందిరా అన్నాను. వాడు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని లేచి నిలబడ్డాడు.

"అంతా బాగానే ఉండాది గానీ అక్కా, బతికినన్నాళ్లూ ఈ సేన్లోనే ఎండకి మాడినాడు నాయన. సచ్చినాక కూడా ఎండలోనే పెట్టమంటావా?"

వాడికి కావలసింది పిట్టలు కాదని అప్పుడు తెలిసింది. నాయనకు కాస్త నీడ కావాలి. అది నాకు మాత్రం అక్కర్లేదా? సిమెంటు గద్దె మీద చెయ్యి పెట్టి చూశాను. పొద్దు వాలినా పెనంలా కాలుతోంది. ఆ రాత్రి ఇద్దరం సరిగా మాట్లాడుకోలేదు. పొద్దున్నే బస్సెక్కేశాను.

చాలా రోజులు వాడు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. మొండితనం మా ఇద్దరికీ నాయన పంచి ఇచ్చిన ఆస్తి. చివరికి ఒక మధ్యాహ్నం వాడే చేశాడు.

"గుంతలు పూడ్సేసినానక్కా. మొక్కలు తూర్పు పక్క గట్టెమ్మటి నాటినాను. సమాధి కాడ సెనక్కాయే ఏసినాను."

ఏమైందిరా అని అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. మూకుళ్లలో నీళ్లు పోయడానికి రోజూ వెళ్లేవాడట. ఆ నీళ్లకు గోరింకలు వచ్చాయి, కాకులు వచ్చాయి. నేలపిచ్చుక ఒక్కటీ రాలేదు. అది గుంతలోంచి తీసిపోసిన మట్టికుప్ప మీద దుమ్ములో పొర్లాడి, రెక్కలు దులుపుకుని, వీడి కాళ్లకాడే తిరుగుతూ ఉండేదట. "అది నీళ్ల పక్కకైనా సూడలేదు" అన్నాడు. వాడి గొంతులో చిన్నబుచ్చుకున్న బాధ. నేను చెప్పిన పాఠమంతా గాలికి పోయి, పిట్ట పొర్లాడింది చూసి వాడు మారాడు. నాకు కొంచెం ఉడుకుబోత్తనం వచ్చిన మాట నిజం. అంతకు మించిన సంతోషం కూడా వచ్చింది.

సంవత్సరీకం ఎండాకాలంలోనే పడింది. నేను ముందురోజే చేరుకున్నాను. సమాధికి తెల్లగా సున్నం కొట్టించాడు తమ్ముడు. కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక పక్క కింది భాగంలో సున్నం లేదు. పాత సిమెంటు, దానిమీద ఎర్రమట్టి మరకలు అలాగే ఉన్నాయి.

"ఇదేంరా, నాయన దగ్గర కూడా సగం పనేనా?" అని గదమాయించబోయాను. వాడు వేలు పెదాల మీద పెట్టుకుని, నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. గద్దె మొదట్లో ఎండిన గడ్డిదుబ్బు. దాని కింద, గులకరాళ్ల అంచు మధ్యలో, మట్టిరంగు ఆడపిట్ట కూర్చుని ఉంది. నేను కాలు వేయబోయిన చోటుకు జానెడు దూరంలో. జీవితమంతా పిట్టల గురించి చెప్పిన దాన్ని, నాకు కనిపించలేదు.

సున్నం వదిలేసిన జాగా సరిగ్గా చాటంత ఉంది. నాయన మీద బెంగ ఒక్కసారిగా పొంగుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని మోటరు షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాను.

మరునాడు చుట్టాలు వచ్చారు. నాయన చెల్లెలు, మా మేనత్త, ముందు నడిచింది. ఆయనకు ఇష్టమైనవన్నీ ఆవిడే దగ్గరుండి వండించింది. రాగిసంకటి, వేరుశనగల ఊరుబిండి పచ్చడి, వంకాయ కూర అరిటాకులో సర్ది, సమాధి మీద పెట్టబోయింది. ఆకు పెట్టాక అందరం దూరంగా జరిగి కాకిని పిలవాలి. కాకి వచ్చి ముడితేనే పోయినవాళ్లకు అందినట్టు. ఆ మాట గుర్తొచ్చేసరికి గూటి వైపు చూశాను. కాకులను పిలిచి మరీ గూటి మీదికి తెస్తున్నాం. ముందురోజు నుంచి నాకు ఎందుకు తట్టలేదో తెలియదు.

"ఆకు ఆడ పెట్టొద్దత్తా" అన్నాడు తమ్ముడు.

అత్త ఆగింది. "యాడ పెట్టమంటావు మరి? మా అన్న ఈడుంటే కూడు ఇంకో సోట పెడతారా?"

"గద్దె కింద గూట్లో పిల్లలుండాయి. కాకులొస్తే మొదట వాటినే తింటాయి. ఆకు తూర్పు గట్టు కాడ పెడదాం."

"పిట్ట కోసరం అన్నను పస్తు పెడతారంట్రా?" ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చినవాళ్లంతా వాడి వైపే చూస్తున్నారు. చోటు మార్చినందుకు కాకి ముట్టకపోతే, నాయనకు సంవత్సరీకం కూడు దక్కనివ్వని కొడుకని వాడికి పేరు మిగిలిపోతుంది. వాడికది తెలుసు. నాకూ తెలుసు. వాడు నా వైపు చూశాడు. నా దగ్గర బోలెడు శాస్త్రం ఉంది. అత్త కన్నీళ్ల ముందు అందులో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"అత్తా, ఇట్లాంటి సోట నాయన గొర్రు ఎత్తేవాడు గదా. మనం ఆకు ఎత్తుదాం" అన్నాడు వాడే, మెల్లగా.

అత్త చాలాసేపు గద్దె మొదలు వైపే చూసింది. ఆవిడ కూడా ఆ చేనులో నాయన వెంట విత్తనం వేసిన మనిషే. తర్వాత ఆకు కింద రెండు చేతులూ పెట్టి పైకెత్తుకుంది. ఎవరినీ తాకనివ్వకుండా తానే మోసుకుంటూ తూర్పు గట్టుకు నడిచింది. వెనకే మేమందరం.

గట్టు మీద ఆకు పెట్టి దూరంగా నిలబడ్డాం. పక్కవాళ్ల తోపులో కాకులు అరుస్తూనే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. అత్త పెదాలు కదులుతున్నాయి. తమ్ముడు చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. శాస్త్రం చదివిన నేను, కాకి రావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కాసేపటికి ఒకటి గట్టుమీద వాలింది. పక్కకు పక్కకు గెంతుతూ వచ్చి, సంకటి ముద్దలో ఒకసారి పొడిచి, ఒక పెద్ద ముక్క నోట కరుచుకుంది.

"వచ్చినాడు" అంది అత్త. తమ్ముడు అక్కడే చతికిలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

తిరిగి సమాధి దగ్గరికి వచ్చి, గూడు లేని వైపు, అందరం నేలమీదే కూర్చున్నాం. అత్త కొంగు తలమీదికి లాక్కుంది. తల పైన ఎండ మాడ్చేస్తోంది. నీడ లేదని ఎవరూ అనలేదు.