తీగపాకం చూసే వేళ్లు

కువైట్‌లోని జాబ్రియాలో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క వంట చేసేది. ఏ పాకమైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, ఒక కన్ను మూసి, వెలుతురులో తీగ చూసేది. పిల్లల్ని లైబ్రరీలో దింపి, వాళ్లు వచ్చేదాకా పుస్తకాలు చదివే నాకు అది పాతకాలపు చేష్టలా అనిపించేది.

లండన్‌లో చదువుకున్న ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, అతిథులకు అక్కడి సిరప్ కేకు పెట్టాలంది. అది కుదిరితేనే అక్కకు కూతురి పురిటికి సెలవు. కావలసిన గోల్డెన్ సిరప్ దుకాణంలో లేదు. దాని బదులు నల్లటి ట్రీకిల్ డబ్బా తెచ్చాను.

"రెండూ చెరుకు పాకాలే అక్కా. పుస్తకంల చదివిన."

కేకు బొగ్గులా వచ్చింది. నోట పెడితే చేదు.

"నీ పుస్తకం నన్ను మనవడి మొహం చూడనిచ్చేలా లేదు తమ్ముడూ!" అంటూ అక్క పంచదార పాకం పెట్టి, అందులో నిమ్మకాయ పిండి, బంగారు రంగు తిరిగాక వేళ్లతో చూసి దించింది. రెండో కేకును అతిథులు ఊడ్చేశారు. నిమ్మరసం వల్లే పాకం గడ్డకట్టదని మామాకు శాస్త్రం చెప్పింది మాత్రం నేనే.

అక్క ఊరెళ్లింది. అంత బాగా వివరించానని మళ్లీ పాకం పెట్టే పని మామా నాకే ఇచ్చింది. నిమ్మకాయ పిండాను. వేళ్ల మధ్య పాకం సాగదీసి, ఒక కన్ను మూశాను. ఏం చూడాలో తెలియలేదు. రెండో కన్ను మూసుకున్నా తేడా ఉండేది కాదు.