మైనస్ రెండు డిగ్రీల దగ్గర మేడమ్

మేడమ్ పోయారన్న కబురు మొన్న మంగళవారం పొద్దున ఫోన్‌లోకి వచ్చింది. సింగపూర్ తెలుగువాళ్ల గ్రూపులో ఎవరో రెండు వాక్యాలు రాశారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి మధ్య, ఆమెను బాగా ఎరిగిన ఒక పెద్దాయన ఇలా రాశాడు: "పాపం, ఆ రోజుల్లోనే ఐటీలోకి మారి ఉంటే ఎక్కడో ఉండేది."

ఆ 'పాపం' నాకు మింగుడు పడలేదు. ఆమె ఉండాల్సిన చోటే ఉన్నారు. అక్కణ్ణించి కదపాలని చూసినవాళ్లకు వణుకు పుట్టించారు కూడా. చూసినవాణ్ణి గనక చెబుతున్నాను.

అందరూ కంప్యూటర్ల వెంట పరిగెత్తుతున్న వై టూ కే రోజులవి. నేను కోల్డ్ స్టోరేజీ మెకానిక్‌ని. బడి చదువు ఎనిమిదితో ఆగింది. ఆ పైన చదివిందంతా కంప్రెసర్లతో పాటు వచ్చే చిన్న పుస్తకాలే. జపాన్ కంపెనీలవాళ్లు రాసే ఆ ఇంగ్లీషును ఒకసారి జయించినవాడికి ఇంకే ఇంగ్లీషూ లెక్క కాదు. కాకినాడలో రొయ్యల ప్యాకింగ్ కంపెనీలో పనిచేసి, సింగపూర్ రేవు వైపు తువాస్‌లో ఓడల్లోని ఐసు గదులు బాగుచేసే పనికి వచ్చాను. మా తౌకే, అంటే కంపెనీ యజమాని, ఒకరోజు నన్నో పరిశోధనాలయానికి పంపాడు. "చిన్న గది అంకుల్. లోపల రొయ్యలున్నాయట లా," అన్నాడు. సింగపూర్‌లో పనివాడు కూడా అంకులే, మాట చివర 'లా' ఉండాల్సిందే.

రొయ్యల గురించి నాకొకరు చెప్పాలా? చూస్తే మీటరు మైనస్ రెండు దగ్గరుంది. ఎవడో తెలివితక్కువవాడు పెట్టాడనుకుని, మైనస్ పద్దెనిమిదికి తిప్పి, సంతకం పెట్టి వచ్చేశాను. మర్నాడు మళ్లీ పిలిచారు. నాలుగు తొట్టెల్లో మూడు అడుగు దాకా గడ్డకట్టాయి. పక్కన పెద్ద కోటు వేసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ఒకావిడ నిలబడి ఉన్నారు. నా పేరు విని తెలుగులోకి దిగారు. వరంగల్ వైపు మాట.

"ఎందుకు తిప్పినవన్నా?"

"రొయ్యలన్నారు మేడమ్. పాడైపోతాయేమోనని."

"అది చచ్చిన రొయ్యల లెక్క. ఇవి బతికినయి."

తిట్లకు సిద్ధమయ్యాను. ఆమె తిట్టలేదు. నాలుగో తొట్టె దగ్గరికి తీసుకుపోయి భూతద్దం చేతిలో పెట్టారు. "చంపినోడివి. బతికున్నయి ఎట్లుంటయో చూసి పో."

చూశాను. నీటి మీద మంచు పలక తేలుతోంది. దాని అడుగున వేలిగోరంత జీవులు, వీపులు వంచి, తలకిందులుగా నడుస్తున్నాయి. మంచుకు పట్టిన పాచిని గీరుకుని తింటున్నాయి. ధ్రువసముద్రం గడ్డకట్టినప్పుడు ఆ మంచే వాటికి ఇల్లు, పొలం రెండూనట. అది కరిగిపోతే రెండూ పోయినట్టే. ఓడలో పట్టి, థర్మోకోల్ పెట్టెల్లో విమానమెక్కించి తెప్పించారు. "రొయ్యలు కాదన్నా, రొయ్యల దాయాదులు," అన్నారు మేడమ్. నేను మాత్రం మంచు రొయ్యలనే అంటూ వచ్చాను. ఆమె దిద్దుతూనే వచ్చారు.

ఆ తర్వాత ఆ గది పని ఇంకెవరికీ పోనివ్వలేదు. అందులో కూర్చుని ఆమె పెన్సిలుతోనే రాసేవారు. చలికి పెన్నులో సిరా దిగదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, కప్పు మూతి దగ్గర పెట్టుకుని ముందు ముక్కును కాచుకునేవారు. చలికాలమే లేని ఊళ్లో మంచు పురుగులేమిటని ఒకసారి అడిగాను. "మీ రూముల ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకుంటలేరా? చలి మీకేనా?" అన్నారు.

ఆదివారాలు సెరంగూన్‌లో ఆ 'పాపం' పెద్దాయన ఇంట్లోనే మా ఇద్దరికీ భోజనాలు. పళ్లెం ముందు కూర్చోగానే ఆయన మొదలుపెట్టేవాడు.

"ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సమ్మా, ఈ పక్క పేటలోనే, పాయా లేబర్‌లో చెబుతున్నారు. ఆ పురుగులు లేకపోతే లోకానికొచ్చే నష్టమేంటి?"

"చెప్పుడు కష్టం అంకుల్. మన సంగతి గూడ అంతే గదా."

ఆంటీ నవ్వాపుకోలేక సాంబారు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అంతలో ఒక శుక్రవారం పరిశోధనాలయం ఆఫీసరు నుంచి ఉత్తర్వు వచ్చింది. సర్వర్లు పెట్టడానికి చల్లటి గది కావాలి, వారంలో ఖాళీ చెయ్యాలి. అప్పటికి తొట్టెలోని ఆడవి కడుపు కింది సంచిలో గుడ్లు మోస్తున్నాయి. ఆరు వారాలు కదపకూడదు. పిల్లలు బయటపడ్డాక నార్వేలో ఎవరో తీసుకుంటామన్నారు. ఆమె అడిగింది ఆ ఆరు వారాలే.

చర్చకు రమ్మని ఆఫీసరు కబురంపితే, "మాట్లాడాల్నంటే ఈడికే రమ్మను," అన్నారు. ఆయన పొట్టిచేతుల చొక్కాతో వచ్చాడు. మేడమ్ స్టూలు చూపించి గుడ్ల గురించి మొదటినుంచీ, తొందర లేకుండా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఏడో నిమిషంలో లేచాడు. రెండోసారి కోటు తెచ్చుకున్నాడు గాని బూట్లు మరిచాడు. మూడోసారి రాలేదు, మా తౌకేకి ఫోన్ చేశాడు.

"అంకుల్, సోమవారం కంప్రెసర్ ఆపెయ్ లా. తర్వాత ఆమే సర్దుకుంటుంది," అన్నాడు తౌకే.

నా వర్క్ పర్మిట్ ఆయన చేతిలో ఉంది. వాల్వు బిగిసిపోయిందనీ, ఆపితే మళ్లీ తిరగదనీ, స్పేర్‌కి రెండు నెలలు పడుతుందనీ చెప్పాను. నమ్మాడు. నా తెలివి మేడమ్‌కు చెప్పుకుని మురిసిపోదామని వెళితే ఆమె మొహం చిన్నబోయింది.

"రేపు ఇంకోడొచ్చి వాల్వు మంచిగుందంటే? ఇంక మన మాట ఎవడు నమ్ముతడు? గుడ్లు గూడ అబద్ధమే అంటరు."

"ఆపనని చెబితే నన్ను ఊరికి పంపించేస్తారు మేడమ్."

"నిన్ను చెప్పమంటలేనన్నా. చెప్తే నిజం చెప్పమంటున్న."

మర్నాడు పనివాళ్ల లారీ దిగి నేరుగా కంపెనీకి వెళ్లాను. ఆఫీసులో తౌకే ముందు నిలబడి, వాల్వు బాగానే ఉందని చెప్పాను. నిన్న అబద్ధమాడానని చెప్పాను. లోపల గుడ్లున్నాయి, కంప్రెసర్ మాత్రం ఆపనన్నాను. ఆయన తన భాషలో ఏదో తిట్టి, నా ముందే ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "నా మనిషి ఆపనంటున్నాడు. తనంతట అబద్ధం ఒప్పుకున్నవాడి మాట కాదని నేను ఇంకొకణ్ణి పంపను. మీకంత అవసరమైతే మీరే వచ్చి ఆపుకోండి."

తన చేత్తోనే ఆపాల్సి వచ్చేసరికి ఆఫీసరు వెనక్కి తగ్గాడు. ఆరు వారాలు ఇచ్చాడు. ఆ తర్వాత మేడమ్ కాంట్రాక్టు ఉండదన్న కాగితం కూడా ఇచ్చాడు. ఆమె చెవి మీది పెన్సిలు తీసి సంతకం పెట్టేశారు. పెన్నుతో పెట్టమంటే, "ఈ గదిల ఇదే రాస్తది," అన్నారు. తర్వాత ఇరవై ఏళ్లు పిల్లలకు బయాలజీ చెప్పి బతికారు. ఎవరి దగ్గరా ఆ కాగితం గురించి వాపోగా నేను వినలేదు. వాల్వు బాగానే ఉందని చెప్పిన రోజు నుంచి నేనూ ఎవరి ముందూ నసగలేదు. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆరో వారం చివర సర్వర్ల పెట్టెలు వచ్చేశాయి. మోసుకొచ్చినవాళ్లు ఎనిమిదిమంది, శ్రీకాకుళం వైపువాళ్లు. మేడమ్ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"జర ఆగుండ్రి."

"ఎంతసేపు మేడమ్?"

"అవి బయటికొచ్చేదాక."

పెట్టెల మీదే కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక ఆమె తలుపు తీసి అందర్నీ లోపలికి పిలిచారు. ఒక్కొక్కరూ చేతులు చంకల్లో దోపుకుని తొట్టె మీదికి వంగారు. తల్లి కడుపు కింది నుంచి ఇసుక రేణువంత పిల్ల ఒకటి జారింది. కాసేపు నీళ్లలో గిరగిరా తిరిగి, పైకి ఈది, మంచు అడుగును కాళ్లతో పట్టుకుంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్క తెలియలేదు. పెట్టెలు లోపల పెట్టారా అని ఆఫీసరే కాబోలు, వరండాలో ఫోన్ మోగుతోంది. తొట్టె అద్దం మసకబారకుండా ఎనిమిదిమందీ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.