పచ్చ తలగుడ్డవాడి సినిమా

సినిమా హీరోలకు అభిమాన సంఘాలుండటం మామూలే. మా అన్న మాత్రం వీడియోగేమ్ పెట్టెలో బొమ్మకు సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు.

మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. శెనక్కాయ పంట ఏటా వరసగా ఎండిపోతుంటే అన్న తాడిపత్రికి వెళ్లి బండల పాలిష్ ఫ్యాక్టరీలో కుదిరాడు. పగలంతా రాతి పొడి మింగి, సాయంత్రమైతే బస్టాండు పక్కనున్న వీడియోగేమ్ అంగట్లో దూరేవాడు. అక్కడ రూపాయి వేస్తే తెర మీద ఇద్దరు తన్నుకుంటారు. అన్న ఎప్పుడూ ఎంచుకునేది పచ్చ తలగుడ్డ కట్టిన ఒక పొట్టివాణ్ణి. చచ్చినా ఇంకో రూపాయి వేస్తే వాడు లేచి నిలబడేవాడు. సేద్యంలో అలాంటి సౌకర్యం లేదు కాబట్టి అన్నకు వాడు తెగ నచ్చాడు.

నాయనకు ఇదంతా గిట్టేది కాదు. వచ్చే ఏరువాకకైనా కొడుకు ఇంటికొచ్చి విత్తనం వేసే గొర్రు పట్టాలని ఆయన పట్టు. తన బతుకూ ఒక బతుకేనని నాయన చేత అనిపించుకోవాలని అన్న పట్టు. డిగ్రీ చదువుకని రోజూ బస్సులో తాడిపత్రికి పోయే నేను ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసేదాన్ని.

అంతలో ఆ ఆటను ఏ దేశంలోనో సినిమాగా తీశారనీ, తెలుగు డబ్బింగుతో తాడిపత్రి టాకీసుకు వస్తోందనీ తెలిసింది. అన్న కాళ్లు నేల మీద నిలవలేదు. లారీలకు బొమ్మలు వేసే పెయింటరు చేత సంఘం బ్యానరు వేయించాడు. ఆయన పొట్టివాడికి మెలితిప్పిన మీసం, చేతికి వేటకొడవలి పెట్టాడు. అదేమని అడిగితే మీసం లేనివాడు హీరో ఎట్లవుతాడని ఎదురు ప్రశ్న వేశాడు. సభ్యుల పేర్లు మాత్రం వీరుడి తలకాయకంటే పెద్దగా రాశాడు.

మొదటి రోజు మ్యాట్నీకి అన్న నాయనను బతిమాలి పిలుచుకొచ్చాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

ఆటలో లేని కథను సినిమావాళ్లు ఎక్కడినుంచి తెచ్చారో తెలియదు. ఒక నిధి, ఒక ముసలి గురువు, ఎత్తుకుపోవడానికి ఒక చెల్లెలు. అందరూ పౌరాణిక నాటకంలో లాగా దురాత్మా, నీచుడా అని తిట్టుకుంటూ తన్నుకున్నారు. సంఘంవాళ్లకు కథతో పనిలేదు. ఆ తిరుగుడు తన్ను తన్నాలంటే ముందు కింది బటన్ నొక్కాలనీ, వీడు నొక్కకుండానే తన్నాడనీ ముందు వరసలో తగవు పెట్టుకున్నారు.

ఇంటర్వెల్‌కు ముందే పచ్చ తలగుడ్డవాడు చచ్చిపోయాడు. అసలు హీరో ఇంకెవరో తెల్లవాడట. నాయన తువ్వాలు దులిపి మళ్లీ తలకు చుట్టుకున్నాడు. అది చూడలేక అన్న లేచి ఆపరేటరు గదికి పోయాడు.

అప్పట్లో సినిమా రీళ్లుగా వచ్చేది. ఏది ముందో ఏది వెనకో ఆపరేటరు దయ. ఆయన కూడా సంఘం సభ్యుడే. ఇంటర్వెల్ అయ్యాక మొదట్లో వేసిన రీలునే మళ్లీ ఎక్కించాడు. చచ్చినవాడు నవ్వుతూ నడిచి వచ్చాడు. అవే తన్నులు, అవే తిట్లు. ఇదేమని ఒక్కరూ అడగలేదు. ఎవరో ఇంకో రూపాయి వేసినట్టున్నారని ముందు వరసవాళ్లు ఈలలేశారు. వాడు మళ్లీ చచ్చే రీలు రాకముందే ఆపరేటరు చివరి రీలుకు దూకేశాడు. ఆ ఆటను సరిగ్గా అర్థం చేసుకుని సినిమా చేసింది మా ఆపరేటరు ఒక్కడేనని నేను ఇప్పటికీ అంటాను.

బయట టీ తాగుతుంటే అన్న ఉండబట్టలేక సినిమా ఎట్లుందని అడిగాడు. నాయన గ్లాసు కింద పెట్టాడు.

"బాగనే ఉండాదప్పా. వాడు సచ్చిపోయి గూడా మళ్లా వచ్చినాడు. నువ్వు బతికుండి, ఈడ తాడిపత్రి నుంచి రాలేకపోతాండావు."

వాణ్ణి లేపింది తానేనని చెప్పుకునే దారి అన్నకు లేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ ఏడు విత్తనానికి అన్న ఊరికి వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టి, గొర్రు సరిచేసి, విత్తనానికి కాయలు ఒలిపించి సిద్ధంగా కూర్చున్నాడు. వాన మాత్రం రాలేదు.