కిటికీ పక్క బల్ల ఎవరిది?

బడి తనిఖీకి వచ్చిన అధికారిగారికి దాహం వేసింది. అందులో ఆయన తప్పేమీ లేదు, ఎండ అలా ఉంది. ఒకటో తరగతి గదిలో మూలనున్న మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లి గ్లాసు అందుకోబోయారు. కుండ పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కుతున్న పిల్లవాడు తలెత్తి, మూడో తరగతి అక్కని అడక్కుండా నీళ్లు తాగకూడదండీ అన్నాడు. అక్క కిటికీ పక్క బల్లమీద కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంది. నెత్తిన చెయ్యి పెట్టుకుని అడగాలని ఆవిడ సెలవిచ్చింది. అధికారిగారు వెనక నిలబడ్డ హెడ్మాస్టరుగారి వైపు చూశారు. హెడ్మాస్టరుగారు పైకప్పు వైపు చూశారు. చివరికి అధికారిగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని అడిగారు. అక్క కాసేపు ఆలోచించి, సగం గ్లాసుకి ఒప్పుకుంది.

ఆ పెన్సిళ్లు చెక్కే పిల్లవాణ్ని నేనే. ఆ తరగతి టీచరు మా అత్తయ్య.

అత్తయ్య నాన్నకి చెల్లెలు. మా ఇంటి మేడమీద రెండు గదుల్లో తనూ, గడియారాలు బాగుచేసే మావయ్యా ఉండేవాళ్లు. బడిలో "టీచర్" అనాలి, ఇంట్లోనే "అత్తయ్యా" అనాలి అని నన్ను బళ్లో వేసే ముందు ఇంటిల్లిపాదీ తర్ఫీదు ఇచ్చారు. మొదటిరోజే లాగు బొత్తాం ఊడిన కంగారులో "అత్తయ్యా" అని గావుకేక పెట్టాను. తరగతి మొత్తం ఆవిడ పేరు అదే అనుకుంది. అప్పట్నుంచి ఏటా వచ్చే ఒకటో తరగతికి, వాళ్ల అమ్మానాన్నలకి, ఆఖరికి ఉత్తరాలిచ్చే ఆయనక్కూడా ఆవిడ అత్తయ్యే. దానివల్ల నష్టపోయింది తనేనని మావయ్య వాపోయేవాడు. గడియారం బాగుచేయించుకున్న ప్రతివాడూ "వస్తా మావయ్యా" అని చక్కా పోతున్నాడట.

మనిషి సన్నం. మాట మెల్లన. కొప్పులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది, రాత్రి కొప్పు విప్పితే దిండుమీద సుద్దపొడి రాలుతుందని మావయ్య అనేవాడు. ఆవిడకి ఒకటో తరగతి తప్ప మరో తరగతి చెప్పడం రాదు. ఓసారి ఎవరో సెలవు పెడితే ఏడో తరగతికి పంపారట. మీసాలొస్తున్న ఆ పిల్లల ముందు నోరు పెగలక, బోర్డు తుడిచి, మళ్లీ తుడిచి, గంట కొట్టేదాకా తుడుస్తూనే ఉందట.

స్వాతంత్ర్య దినం వస్తోందంటే మిగతా తరగతుల్లో తారీఖులు వల్లె వేయించేవాళ్లు. అత్తయ్య వేయించేది కాదు. నిన్నకీ మొన్నకీ తేడా తెలియని వాళ్లకి వందేళ్ల కిందటి సంగతి చెప్పడమేమిటని ఆవిడ వాదన. అందుకని పండగ ఇంకో పది రోజులుందనగా మూడో తరగతి పిల్లల్ని మా గదిలోకి తెచ్చేది.

తెచ్చేదంటే, వాళ్లే వచ్చేవాళ్లు. మా ఏడాది ఇలా జరిగింది. రెండు జడల అక్క ఒకతె గుమ్మంలో నిలబడి, మా గదిలో ఉక్కగా ఉంది, కాసేపు కూర్చోనా అని ఎంతో మర్యాదగా అడిగింది. చేతిలో రంగు పెన్సిళ్లు. మేం మురిసిపోయి కిటికీ పక్క బల్ల ఇచ్చాం. ఆ బల్లంటే మాకు ప్రాణం. అక్కణ్ణించి వీధిలో సైకిళ్ల కొట్టు కనబడేది, గాలి కూడా ముందు అక్కడికే వచ్చి తర్వాత మా దగ్గరికి వచ్చేది. మర్నాడు అక్క తన స్నేహితుల్ని తెచ్చుకుంది. ఆ మర్నాటికి మేం నేలమీద ఉన్నాం. తర్వాత వాళ్ల పెన్సిళ్లు మేం చెక్కాలన్నారు. ఆ తర్వాత నీళ్లకి అనుమతి.

వెళ్లి అత్తయ్యతో మొరపెట్టుకున్నాం. "అలాగా. మరేం చేద్దామంటారు?" అని, మళ్లీ పలకలు దిద్దుకోవడంలో పడిపోయింది. ఇంట్లో అన్నం దగ్గర అడిగినా అదే మాట. ఆవిడ పట్టించుకోకపోవడం కన్నా పెద్ద అన్యాయం నాకు అప్పటికి తెలియదు.

మాలో బూరెబుగ్గలవాడు ఒకడు వాళ్లతో కలిసిపోయి, మూరెడు కర్ర పట్టుకుని మామీదే అజమాయిషీ మొదలుపెట్టాడు. వాడిప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, ఆశ్చర్యమేమీ లేదు. నేను ఒక రోజు వీరావేశంతో రెండు జడల అక్కమీదికి దూకాను. ఆవిడ నన్ను నేలకి పడేసి, నామీద కూర్చుని, తీరిగ్గా జడ వేసుకుంది. ఆ తిరుగుబాటు అంతటితో అణగారింది.

గెలిపించింది ఎవరో గుర్తులేదు. ఎవరో ఒక పిల్ల, చెయ్యి నొప్పెట్టి, పెన్సిల్ చెక్కనని కింద పెట్టేసింది. పక్కవాడూ పెట్టేశాడు. అలా గదంతా. అరిచారు, బెదిరించారు, రంగు పెన్సిళ్లు ఆశ చూపారు. మేం కదల్లేదు. సొంతంగా చెక్కుకోవడం వాళ్లకి నామోషీ, మొద్దుబారిన పెన్సిళ్లతో రాయలేకపోయారు, ఇంటికెళ్తే వాళ్లకి తిట్లు. రెండో రోజుకి మూడో తరగతి మూటాముల్లే సర్దుకుంది.

మేం గంతులేశాం. వెంటనే కిటికీ పక్క బల్ల కోసం ఒకళ్లనొకళ్లు రక్కుకున్నాం. అప్పుడు లేచింది అత్తయ్య కుర్చీలోంచి. కొప్పులో సుద్దముక్క తీసి, ఇప్పుడు ఆ బల్ల ఎవరిది అని అడిగింది. అది తేలేసరికి సాయంత్రమైంది. రోజుకి ఒకళ్లు కూర్చోవాలని చేతులెత్తి ఒప్పుకున్నాం, బూరెబుగ్గలవాడికీ వంతు ఇవ్వాలా అని మాత్రం చాలాసేపు కొట్లాడుకున్నాం. ఇచ్చాం. ఆ తర్వాతే మన దేశంలోకి కూడా ఒకప్పుడు ఇలాగే కొందరు కాసేపు కూర్చుంటామని వచ్చారర్రా అని కథ మొదలుపెట్టింది. నోళ్లు తెరుచుకుని విన్నాం. అందులో ఉన్నది మేమే కదా.

ఈ ఆట ఊరందరికీ తెలుసు. తెలియంది ఆ ఏటి ఒకటో తరగతికే. అన్నలూ అక్కలూ కూడా పొక్కనిచ్చేవాళ్లు కాదు, మూడో తరగతికి వెళ్లాక వాళ్ల వంతు వస్తుందని.

అధికారిగారికి మాత్రం తెలియదు. పిల్లల్లో క్రమశిక్షణ బాగానే ఉంది, అది ఎవరి చేతిలో ఉందో తెలియలేదు అని రాసి వెళ్లారు. హెడ్మాస్టరుగారు కొత్తగా వచ్చినాయన, నిద్రలో కూడా చొక్కా నలగని రకం. అత్తయ్యని పిలిపించి, వచ్చే ఏడు ఈ తోలుబొమ్మలాట వద్దన్నారు. ఒక పేజీ రాసిస్తాను, పిల్లలు అది ఒప్పజెప్పాలి, మీ గది మీద ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, మిమ్మల్ని ఏడో తరగతికి మార్చేస్తాను అన్నారు.

ఆ రాత్రి అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతూ, మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెడుతూ, ఆ సంగతి మావయ్యకి చెప్పింది. ఈ పాఠం నీకంటే బాగా ఎవరు చెప్తారోయ్ అని మావయ్య అన్నాడు. పాఠం పోతే పోయింది, ఆ పిల్లలు లేకుండా నేనేం చేసుకోనండీ అంది అత్తయ్య. మావయ్య కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి కాసేపు ఏమీ బాగుచేయకుండా కూర్చున్నాడు.

మరుసటి ఏడు నేను రెండో తరగతి. మాకూ ఒకటో తరగతికీ మధ్య ఉన్నది చెక్క అడ్డమే, దగ్గితే వినబడేది. పండక్కి ముందు పదిరోజులూ ఆ పేజీయే వినబడింది. తారీఖులు, పేర్లు, "అమూల్యమైన త్యాగఫలం". అత్తయ్య గొంతు ఏడో తరగతిలో బోర్డు తుడిచినట్టే ఉంది. వినీ వినీ మాకే వచ్చేసింది.

పండగనాడు హెడ్మాస్టరుగారి కూతురు వేదిక ఎక్కింది. ఆ పిల్ల ఆ ఏడే ఒకటో తరగతిలో చేరింది. పేజీ మొత్తం గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పింది. చప్పట్లు మోగాయి. అధికారిగారు మళ్లీ వచ్చారు, మురిసిపోయి వంగి, స్వాతంత్ర్యం అంటే ఏంటి తల్లీ అని అడిగారు. పిల్ల గోళ్లు కొరుక్కుంటూ తండ్రి వైపు చూసింది.

"రెండో పేరానండీ," అంది.

జనం నవ్వారు. హెడ్మాస్టరుగారు నవ్వలేదు. అత్తయ్య కూడా నవ్వలేదు, తల దించుకుని చీరకొంగుమీద లేని దుమ్ము దులుపుకుంది.

జెండా దించేశారు, తోరణాలు విప్పేశారు, బడి మామూలైపోయింది. రెండు రోజులకి చెక్క అడ్డం అవతల తలుపు చప్పుడైంది. ఎవరో ఎంతో మర్యాదగా అడుగుతున్నారు.

"టీచర్, మా గదిలో ఉక్కగా ఉంది. హెడ్మాస్టరుగారు పంపారు. కాసేపు కూర్చోవచ్చా?"

మా టీచరు లెక్క చెప్పడం ఆపేసింది. ఆఖరికి అత్తయ్య గొంతు వినబడింది, నన్నడుగుతారేం, బల్ల వాళ్లది, వాళ్లనడగండి అని. మా రెండో తరగతి మొత్తం అరచేతులతో నోళ్లు మూసుకుంది.

ఆ తర్వాత పది రోజులూ మాకు లెక్కలు బుర్రకెక్కలేదు. ఏడుపులు విన్నాం, పెన్సిళ్లు చెక్కడం విన్నాం, చెక్కడం ఆగిపోవడం విన్నాం. తర్వాత అత్తయ్య కథ. నాకు తెలిసిన కథే, అయినా చెక్కకి చెవి ఆనించాను. ఆ గదిలోకి మళ్లీ వెళ్లి కింద కూర్చోవాలనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆ మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరుగారు ఒకటో తరగతికి వచ్చారు. చొక్కా నలిగి ఉందని తలుపు పక్కన కూర్చునే మావాడు చెప్పాడు. ఆయన గొంతు మాత్రం ఎప్పటిలాగే కచ్చితంగా ఉంది.

"టీచరుగారూ, మీ గది మీద ఫిర్యాదు వచ్చింది. చేస్తున్నది నేనే. నిన్న రాత్రి మా అమ్మాయి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, పడక్కుర్చీ ఎవరికుండాలో చేతులెత్తమంది. నాకు మా ఆవిడ ఎత్తలేదు, మా అమ్మ ఎత్తలేదు. రాత్రి బల్లమీద పడుకున్నాను."

అత్తయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు.

"మీరైనా మీకు ఎత్తుకున్నారా, సార్?"