మిషను అబద్ధమాడదు

మా నెల్లూరు పక్క యంత్రాన్నీ మిషనే అంటాం, దొరలు పెట్టిన కిరస్తానీ సంఘాన్నీ మిషనే అంటాం. కుట్టుమిషను, పిండిమిషను, మిషను బడి, మిషను ఆసుపత్రి. బడిలో పిల్లకాయలకి ఈ మాట చెప్పి తెగ నవ్వేవాణ్ణి. నవోమి సంగతి జరిగినాక ఆ నవ్వు పోయింది.

పందొమ్మిది వందల అరవై నాలుగో, అరవై అయిదో. బోగోలు దాటి సముద్రం పక్కకి పోతే ఒక పాలెం. ఆడ నేను బడి అయ్యవారిని. నవోమి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకోని ఊళ్ళు తిరిగేది. ఆదివారం మాత్రం ప్రార్థన పాకలో పిల్లకాయలకి పాటలు నేర్పేది. ఆమె గొంతు అందరి ఆడోళ్ళ గొంతు మాదిరి కాదబ్బా. బానలో మూతి పెట్టి పిలిచినట్టు బరువుగా, ఎక్కడో అడుగు నుంచి వచ్చేది. పాక పక్కనే మా ఇల్లు. ఆమె పాట ఎత్తితే మా ఇంటిది పొయ్యి వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేది. మాడిన కూర తిన్న ఆదివారాలు నాకు చానా ఉండాయి. సరే, కూర సంగతి పోనీండి.

నెల్లూరులో ఆడపిల్లల బోర్డింగుకి పాటల టీచరు కావాల్సొచ్చింది. చదువు లేకపోయినా గొంతుండి, నేర్పడం వస్తే చాలన్నారు. మిషనులో పాటల పని చూసే ఆనందకుమారమ్మ టేపురికార్డరు పట్టుకోని వచ్చింది. మాకప్పటికి కరెంటు ఎక్కడిది? అది బ్యాటరీలతో నడిచేది.

"పెద్దలు ఇంత దూరం రాలేరు నవోమీ. నీ పాట ఇందులో పట్టుకోనిపోయి వినిపిస్తాను."

"అయితే ఈ గంప దిగిపోద్దా అక్కా?" అని నవోమి నెత్తి తడుముకునింది.

ముందు పిల్లకాయల పాట పట్టి, తిరగేసి వినిపించినారు. రెండో చరణంలో అందరి గొంతులూ జారిపోతా ఉండాయి. నవోమి ఏడాదిగా మొత్తుకుంటా ఉండేది దానికే. వాళ్ళ పాట వాళ్ళే విని, సిగ్గుపడి, పొద్దు నడినెత్తికి వచ్చేలోగా దిద్దుకున్నారు.

"నేను అరిచి చస్తే విన్నార్రా మీరు? అయ్యవారా, ఈ పెట్టె నాకంటే మంచి పంతులమ్మ!" అని నవోమి ఒకటే సంబరం. "ఇంకోసారి పెట్టక్కా" అని మళ్ళీ మళ్ళీ పాడించింది, వినిపించింది. పెట్టె మీద టేపు చక్రాలు తిరుగుతానే ఉండాయి.

చివర తన వంతు. "నువ్వుంటే నాకు నోరు పెగలదక్కా" అనింది. ఏ మీట నొక్కాలో చూపించి ఆనందకుమారమ్మ పాలెం అవతలి కొసన సంఘపెద్ద, సమాధానమనే ఆయన ఇంటికి అన్నానికి పోయింది. నవోమి ఒక్కతే పాడింది. మా ఇంట్లో కూర మాడింది. ఆనందకుమారమ్మ తిరిగొచ్చి, బస్సుకి టైమైందని, వినకుండానే పెట్టె మూసుకోని పోయింది.

కొన్నాళ్ళకి నెల్లూరు పోయొచ్చిన సమాధానం, ప్రార్థన అయినాక అందరి ముందర అడిగినాడు.

"ఏం మే నవోమీ, నీ బదులు చిన్నపిల్ల చేత పాడించినావంట? పెద్దలు విన్నారు. సన్నగా, కీచుమని, పదేళ్ళ పిల్ల గొంతంట. దేవుడి పనిలో మోసమా?"

"నేనే పాడితిని గదన్నా! నెల్లూరు తీసుకోనిపో, ఎదురుగా నిలబడి పాడతా."

"పోస్టు వేరేవాళ్ళకి ఇచ్చేసినారు."

మా వాకిట్లోంచి ఇది విని నేను పాక లోపలికి పోయి, "నా చెవులతో విన్నానయ్యా, ఆమే పాడింది" అన్నాను.

"మీరు మా సంఘం కాదు అయ్యవారా, మీకెందుకు? మిషను అబద్ధమాడదు" అన్నాడు.

ఆయన చెప్పింది ఆ పెట్టె గురించే. చాపల మీద కూర్చున్నోళ్ళకి వినపడింది వేరే. బడి పెట్టిన మిషను, మందులిచ్చిన మిషను, బిడ్డలకి పాలపొడి పోసిన మిషను. ఇంకెవరు నోరెత్తుతారు? నవోమి కూడా "మిషనే అట్టా అనిందా?" అని లేచి పాక బయటికి పోయింది.

మళ్ళీ ఆమె పాట ఎత్తలేదు.

మరుసటేడు పిల్లకాయలకి పాటలు నేర్పడానికి ఆ పెట్టే వచ్చింది, ఆనందకుమారమ్మ పట్టుకోని వచ్చేది. నేర్పింది కూడా, కాదనను. శ్రుతి తప్పేవాళ్ళు కాదు. అందరిదీ ఒకటే గొంతు, ఆ టేపులో గొంతు. ఒకరోజు పెట్టె పొద్దస్తమానం నడిచి, బ్యాటరీలు అయిపోవచ్చి, పాటలు సాగుతా ఉండాయి. పిల్లకాయలు పడిపడి నవ్వుతా ఉండారు. ఉన్నట్టుండి టేపు చివర, చెరపకుండా మిగిలిపోయిన ఒక పాత పాట మొదలైంది.

మా ఇంటిది పొయ్యి వదిలేసి వాకిట్లోకి వచ్చింది. "నవోమి మళ్ళీ పాడతా ఉందే!" అనింది.

ఆనందకుమారమ్మ కొత్త బ్యాటరీలు వేసింది. చిన్నపిల్ల గొంతు. పాతవి వేసింది. నవోమి గొంతు. పోయినేడు ఆ పొద్దు నవోమి పాడేసరికి బ్యాటరీలు నీరసపడి చక్రాలు మెల్లగా తిరిగినాయి. నెల్లూరులో కొత్తవి వేసేసరికి గబగబా తిరిగి గొంతు సన్నబడింది. అంతే.

వీధిన పోతా ఉన్న నవోమిని పిలిచినారు. గంప దించి వినింది.

"ప్రాణం పోయేటప్పుడు గాని నిజం చెప్పదా అక్కా ఇది?"

"పెద్దలకి నేను చెప్తాను నవోమీ."

"ఏమని? మిషను అబద్ధమాడిందనా?"

ఆనందకుమారమ్మ పెట్టె ఆపి మూత వేసింది. ఆమెకి జీతమిచ్చేది మిషనే గదా.

"సరేలే, ఒక చెయ్యెయ్యి" అని నవోమి గంప ముందర వంగింది. ఇద్దరూ కలిసి గంపని మళ్ళీ ఆమె నెత్తికి ఎత్తినారు.